దారి తెలిసినవాడూ, దారి గీసినవాడూ

లారీ డ్రైవరుకు కాగితం మ్యాపు మేలా, ఉపగ్రహం చూపించే దారి మేలా అన్న చర్చ ఇటీవల తరచుగా వినిపిస్తోంది. యజమానులు ఒక జవాబు చెబుతున్నారు. సాంకేతిక నిపుణులు మరొకటి చెబుతున్నారు. పాత వస్తువుల మీద మమకారం చావని మధ్యతరగతివాళ్ళు, మ్యాపు మడతపెట్టుకుని తిరిగిన రోజులే వేరని నిట్టూరుస్తున్నారు. ఈ ముగ్గురిలో ఎవరూ లారీ తోలేవాళ్ళు కారన్నది మొట్టమొదట గమనించవలసిన విషయం.

సాహిత్య విమర్శ పత్రికలో ఈ చర్చకు చోటేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఒక జ్ఞానం ఎవరి శ్రమలోంచి పుడుతుంది, ఎవరి చేతికి పోతుంది, తిరిగి ఎవరి నెత్తిన అధికారంగా కూచుంటుంది అన్న ప్రశ్నలు రచయితకు పరాయివి కావు. పటం కూడా ఒక రచనే. దానికీ రచయిత ఉంటాడు, ప్రచురణకర్త ఉంటాడు, పాఠకుడుంటాడు; వర్గ దృక్పథమూ ఉంటుంది. అంచేత దాని చరిత్రను మనం మన పద్ధతిలో చదవవచ్చు, చదవాలి కూడా.

నాకీ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. మా బాబాయి ముప్పయ్యేళ్ళు విజయవాడ - కలకత్తా లైనులో లారీ తోలాడు. ఇప్పుడు ఆయన కొడుకు అదే లైనులో తోలుతున్నాడు. ఆ మధ్య మా తమ్ముడు పత్తి బేళ్ళ లోడుతో పోతుంటే, సెల్‌ఫోనులోని పటం హైవే వదిలి పొమ్మని ఒక అడ్డదారి చూపించింది. పధ్నాలుగు కిలోమీటర్లు కలిసొస్తుందంది. ఆ దారి తీసుకుపోయి ఒక రైల్వే అండర్ బ్రిడ్జి ముందు నిలబెట్టింది. కారయితే సుఖంగా దూరిపోయేది. బేళ్ళ ఎత్తుతో లారీ దూరదు. తిప్పుకుందామంటే చోటు లేదు. చీకట్లో వెనక నిలబడి "రానీ, రానీ" అని కేకవేయడానికి క్లీనరు లేడు. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో యజమాని ఆఫీసు నుంచి ఫోను: బండి ఎందుకాగింది?

ఇంటికొచ్చాక మా తమ్ముడు నాతో అన్నాడు: "తప్పుదారి పట్టించినంతసేపూ దానికి నోరు లేదన్నయ్యా. నేను ఆగానో లేదో దానికి నోరొచ్చింది."

పక్కన మంచం మీద కూచున్న బాబాయి అడిగాడు: "మలుపు దగ్గర దారి అడగడానికి ఒక్క మనిషి దొరకలేదట్రా?"

"అడగడానికి దిగితే ఆగినట్టు రాసుకుంటుంది నాన్నా."

ఈ మూడు మాటల్లో ఈ చర్చ సారమంతా ఉందని నాకు తోచింది. దారి చూపే సాధనమూ, కాపలా కాసే సాధనమూ ఒకే డ్రైవరు ముందు ఒకేసారి ఎలా నిలబడ్డాయి? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

2

దారి గురించి మన భాషలో వచ్చిన గొప్ప పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్య 1830 మే నెలలో బయల్దేరి కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ చేరాడు, 1831లో తిరిగివచ్చాడు. ఆయన రాసిన యాత్ర 1838లో అచ్చయింది. యాత్రా సాహిత్యానికి ఒరవడి పెట్టిన గ్రంథంగా మన విద్యార్థులు దాన్ని చదువుతున్నారు. నేనిక్కడ మరొక సంగతి చెప్పదలుచుకున్నాను. అది మజిలీల జ్ఞానం. ఈ ఊరి తర్వాత ఏ ఊరు, మధ్య ఎంత దూరం, నీళ్ళెక్కడ, అంగళ్ళెక్కడ, ఏ ఏరు ఎలా దాటాలి - ఇలా దారి ఒకదాని వెనక ఒకటిగా కాళ్ళ కింద విప్పుకుంటూ పోతుంది. నడిచినవాడి కన్ను దాటి ఒక్క అడుగు కూడా ముందుకు పోదు. హైదరాబాదు నుంచి కాశీ దాకా ఆయన పోయిన దిశలోనే తర్వాతి కాలంలో ఏడో నెంబరు జాతీయ రహదారి వచ్చింది. ఆ రహదారి మీద లారీ తోలినవాడికి కూడా దారి ఇదే పద్ధతిలో తెలుసు.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ దేశంలో మరోరకం జ్ఞానం తయారవుతోంది. అది పైనుంచి చూసే కన్ను. జేమ్స్ రెన్నెల్ 1767లో బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యాడు. సర్వే ఆఫ్ ఇండియా తన పుట్టుకను ఆ సంవత్సరం నుంచి లెక్కపెట్టుకుంటుంది. 1799లో టిప్పు సుల్తాను పతనం తర్వాత దక్షిణాదిన కంపెనీ చేతికి విశాలమైన భూభాగం చిక్కింది. శిస్తు కట్టించుకోవాలన్నా, సైన్యాన్ని నడిపించాలన్నా దాన్ని కొలవాలి. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదటి ఆధారరేఖ కొలత మొదలుపెట్టాడు. అక్కడ మొదలైన త్రికోణాల గొలుసు హిమాలయాల దాకా సాగింది.

ఈ పైనుంచి చూసే కన్నుకు కింద ఎవరి కాళ్ళున్నాయి? మైసూరు సర్వే చేసినవాడు, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు కాలిన్ మెకంజీ. ఆయన పనికి వెన్నెముకగా నిలిచినవాళ్ళు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. పెద్దవాడు కావలి వెంకట బొర్రయ్య 1803లో, ముప్పయ్యేళ్ళు కూడా నిండకుండానే చనిపోయాడు. తర్వాత లక్ష్మయ్య ఆ పని నడిపాడు. మరో సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో రాసి 1829లో ప్రచురించాడు. ఊరూరా తిరిగి, కరణాలతో మాట్లాడి, కైఫీయతులు రాయించి, శాసనాలు చదివించి పెట్టిన శ్రమ వీళ్ళదీ, వీళ్ళ కింద పనిచేసిన ఎందరివో. 1816లో థామస్ హికీ గీసిన చిత్రంలో మెకంజీ ఎర్రకోటు వేసుకుని మధ్యలో నిలబడతాడు. చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులుంటారు. మెకంజీ చనిపోయాక, 1830లలో, ఆ పనిని కొనసాగించే అవకాశం ఇమ్మని లక్ష్మయ్య అడిగాడు. స్థానికుడు అంతటి పనికి సరితూగడని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు నిరాకరించారు. సమాచారం తెచ్చినప్పుడు పనికొచ్చిన మనిషి, అధ్యక్షత అడిగేసరికి పనికిరాకుండా పోయాడు.

మరొక సంఘటన. రాధానాథ్ సిక్దార్ పేరు ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్కకట్టినవాడిగా అందరికీ తెలుసు. 1843లో సర్వే శాఖ కూలీల చేత ఒక ఇంగ్లీషు మేజిస్ట్రేటు వెట్టిచాకిరీ చేయించుకుంటుంటే ఆయన ఎదురుతిరిగాడనీ, అందుకు 200 రూపాయల జరిమానా కట్టాడనీ అంతగా తెలియదు. గొలుసు మోసినవాడు, చెట్టెక్కి జెండా కట్టినవాడు, 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో ఎవరెస్టు బృందాన్ని జ్వరం కబళించినప్పుడు చనిపోయినవాడు - పటం అంచున వీళ్ళ పేర్లుండవు. కాగితం మ్యాపు అమాయకమైన వస్తువని బెంగపెట్టుకునేవాళ్ళు ఈ చరిత్ర తెలుసుకోవాలి.

3

అలా తయారైన పటం లారీ తోలేవాడి చేతికి ఎప్పుడొచ్చింది? ఈ ప్రశ్నకు దేశాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఐరోపా, అమెరికాల్లో అది తొందరగానే వచ్చింది. ఫ్రాన్సులో 1910 నుంచి రోడ్డు పటాల వరస ప్రచురించిన మిషెలిన్ టైర్ల కంపెనీ. జనం ఎక్కువ దూరం తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి. అమెరికాలో 1914 ప్రాంతం నుంచి చమురు కంపెనీలు పెట్రోలు బంకుల్లో పటాలు ఉచితంగా పంచాయి. అక్కడ మోటారు తోలేవాడు ఖాతాదారు. అంచేత పటం అతని ఒళ్ళో పడింది. క్రమంగా లారీలవాళ్ళకు ప్రత్యేకంగా అట్లాసులొచ్చాయి. ఏ వంతెన ఎత్తెంత, ఏ రోడ్డు మీద ఎంత బరువు పోనిస్తారు అన్న వివరాలు వాటిలో ఉంటాయి. ఉపగ్రహం ఉన్నా అట్లాసు క్యాబినులో పెట్టుకొమ్మని అక్కడి పాత డ్రైవర్లు కుర్రవాళ్ళకు చెప్పేమాట చాదస్తం కాదు. కార్ల కోసం తయారైన పటానికి లారీ ఎత్తు తెలియదు. ఉత్తర కరొలైనాలోని డర్‌హమ్ పట్టణంలో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున్న రైలు వంతెన ఒకటుండేది. దాని కింద ఇరుక్కుని ఎన్ని లారీల పైకప్పులు లేచిపోయాయో! 2019లో దాన్ని 8 అంగుళాలు ఎత్తారు. అయినా గుద్దడం పూర్తిగా ఆగలేదు.

లండనులో మరో పద్ధతి చూడండి. టాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డు నుంచి ఆరు మైళ్ళ లోపల ఉన్న వేలాది వీధులు కంఠస్థం కావాలని 1865 నుంచి పరీక్ష పెడుతున్నారు. 2000లో ఎలినార్ మాగ్వైర్ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమె సహచరులూ ఆ డ్రైవర్ల మెదళ్ళను పరీక్షించి, దారుల జ్ఞాపకానికి సంబంధించిన భాగంలో ఒకవైపు ఇతరులకన్నా పెద్దదిగా ఉందని చూపించారు. అక్కడ దారి తెలిసి ఉండడం ఒక విద్య. దానికి పట్టా ఉంది. ఆ పట్టాతో బేరమాడే శక్తి ఉంది.

మన దగ్గర? పటం పాలకుల రహస్యంగానే చాలాకాలం ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా తీరం వెంబడీ, సరిహద్దుల వెంబడీ విశాలమైన మేరకు సర్వే ఆఫ్ ఇండియా వివరమైన పటాలు మామూలు పౌరుడికి అందుబాటులో ఉండేవి కావు. 2005 జాతీయ పట విధానం కొంత సడలించింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో గాని ఆ తలుపులు బాగా తెరుచుకోలేదు. మా బాబాయి జన్మంతా తోలిన కలకత్తా లైను దాదాపు తీరం వెంబడే ఉంటుంది. ఆ నేలను రోజూ చక్రాలతో కొలిచినవాడికి దాని పటం నిషిద్ధ వస్తువు. రైల్వేస్టేషను పుస్తకాల కొట్టులో రోడ్డు మ్యాపులు అమ్మేవాళ్ళు, నిజమే. అవి ఇంగ్లీషులో ఉండేవి. ఆయనకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు.

అంచేత "కాగితం మ్యాపా, ఉపగ్రహమా" అన్న ప్రశ్న మన లారీ డ్రైవరుకు వర్తించదు. అతనికి ఉన్నది మూడోది. దాన్ని వాళ్ళు "లైను" అంటారు. "నాకు కలకత్తా లైను తెలుసు", "వాడు బొంబాయి లైను మనిషి" అంటారు. లైను తెలియడమంటే ఏమిటో మా బాబాయి నోట విన్నాను. గోదావరి దాటాక అన్నవరం తొలి పావంచా దగ్గర బండి నెమ్మది చేసి నాణెం విసరడం. ఇచ్ఛాపురం దాటితే భాష మారుతుంది, అక్కడికి ముందే డీజిలు చూసుకోవడం. కుడిచేతివైపు చిలక సరస్సు నీళ్ళు మెరిశాయంటే ఏ ధాబాలో మంచాలు దొరుకుతాయో, ఏ మలుపులో రాత్రిపూట తార్పాలిన్ కోసే దొంగలుంటారో, ఏ చెక్‌పోస్టులో ఎంత మామూలు ఇస్తే గేటు లేస్తుందో తెలిసి ఉండడం. కిలోమీటరు రాయి నెత్తి పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. ఒరియా అక్షరాలు రాకపోయినా ఊరి పేరు బోర్డును బొమ్మలాగా గుర్తుపట్టడం. ఇది వీరాస్వామయ్య మజిలీల జ్ఞానానికి వారసత్వం. తేడా ఒక్కటే. ఆయన రాయగలిగాడు, వీళ్ళది నోట్లోనే ఉండిపోయింది.

ఐతే దీన్ని చూసి మనం పరవశించిపోకూడదు. ఈ లైను నేర్పిన బడి పేరు క్లీనరు సీటు. పన్నెండేళ్ళకో, పధ్నాలుగేళ్ళకో ఇల్లు వదిలి లారీ ఎక్కిన కుర్రాడు, చక్రాల కింద రాళ్ళు పెడుతూ, డ్రైవరు బట్టలుతుకుతూ, తిట్లూ దెబ్బలూ తింటూ, లోడు మీద పడుకుంటూ నేర్చుకున్న విద్య అది. మా బాబాయి ఎడమ చెవి సరిగా వినపడదు. గురువు కొట్టిన దెబ్బ అంటాడు, నవ్వుతూ. శ్రమజీవి జ్ఞానాన్ని కీర్తిస్తూ దాని వెనక ఉన్న బాల్యాన్ని మరిచిపోతే అది అభ్యుదయం అనిపించుకోదు.

4

ఇక ఉపగ్రహం సంగతి. ఇది కూడా సైనిక అవసరంలోంచే పుట్టింది. అమెరికా రక్షణశాఖ జి.పి.ఎస్. మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించింది. 1983 సెప్టెంబరు 1న దారితప్పి సోవియట్ గగనతలంలోకి పోయిన దక్షిణ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చివేసిన ఘటన తర్వాత, ఈ వ్యవస్థను పౌరుల వాడకానికి కూడా ఇస్తామని రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. 1995కి అది పూర్తిస్థాయిలో పనిచేయసాగింది. కాని పౌరులకు ఇచ్చే సంకేతంలో కావాలనే తప్పు కలిపి ఇచ్చేవారు. ఆ కల్తీ 2000 మే నెలలో ఆగింది. అంతవరకు సామాన్యుడికి అందిన చోటు వంద మీటర్ల దాకా తేడాగా ఉండవచ్చు; సైన్యానికి మాత్రం కచ్చితం. 1802 నాటి సంప్రదాయం ఆకాశంలో కూడా కొనసాగిందన్నమాట.

లారీ క్యాబినులోకి ఉపగ్రహం ఎలా వచ్చింది అన్నది ఈ వ్యాసానికి కీలకమైన ప్రశ్న. అది దారి చూపడానికి వచ్చిందని మనమంతా అనుకుంటాం. చరిత్ర వేరేమాట చెబుతోంది. 1988లో అమెరికాలో క్వాల్‌కామ్ కంపెనీ ఆమ్నిట్రాక్స్ అనే వ్యవస్థను లారీల కంపెనీలకు అమ్మడం మొదలుపెట్టింది. సమాచార ఉపగ్రహాల ద్వారా ఏ లారీ ఎక్కడుందో ఆఫీసులో కూచున్నవాళ్ళకు తెలిసేది. ఆఫీసు నుంచి డ్రైవరుకు సందేశాలు పోయేవి. డ్రైవరుకు మలుపు మలుపుకూ దారి చెప్పే పరికరాలు చవకగా చేతికి రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టింది. అంటే ఉపగ్రహం డ్రైవరుకు దారి చూపడానికి ముందే యజమానికి డ్రైవరును చూపింది. 2017 డిసెంబరు నుంచి అమెరికాలో అత్యధిక లారీలలో డ్రైవరు పనిగంటల్ని ఇంజనుకు తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరమే నమోదు చేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. అలసట ప్రమాదాల్ని తగ్గించడమే ఉద్దేశమన్నారు, ఉద్దేశం మంచిదే. కాని లోడింగు దగ్గర గంటల తరబడి జీతం లేకుండా నిలబెట్టేవాణ్ణి ఆ పరికరం నమోదు చేయదు. డ్రైవరును మాత్రమే చేస్తుంది.

మన దేశం సొంత ఉపగ్రహాలతో నావిక్ అనే వ్యవస్థను నిర్మించుకుంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి లేచింది. కొన్ని ఉపగ్రహాల్లో అణు గడియారాలు పాడైనా, కొత్తతరం ఉపగ్రహాన్ని 2023 మే నెలలో పంపారు. పరాయి సైన్యం దయమీద ఆధారపడకుండా దారి తెలుసుకోగలగడం గర్వించదగ్గ విషయమే. ఆ గర్వంతో పాటు మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1969 తర్వాత శ్రీహరికోటను రాకెట్ల కేంద్రానికి తీసుకున్నప్పుడు, అక్కడి అడవినీ, పులికాట్ నీళ్ళనూ తరతరాలుగా ఎరిగిన యానాదులు తమ చోట్లనుంచి కదలవలసివచ్చింది. నేలను అడుగడుగునా తెలిసినవాణ్ణి కదిలించి, ఆ నేల మీదనుంచే నేలంతా చూసే కన్నును ఎగరేశాం.

5

ఇప్పటి డ్రైవరు పరిస్థితికి వద్దాం. 2010లో జాతీయ రహదారుల నెంబర్లు మార్చారు. కలకత్తా - మద్రాసు దారి అయిదు పోయి పదహారయింది. కాశీ - కన్యాకుమారి ఏడో నెంబరులో చాలా భాగం నలభైనాలుగయింది. పూనా - హైదరాబాదు - మచిలీపట్నం తొమ్మిది అరవైఅయిదయింది. అచ్చయిన పటాలు ఒక్కసారిగా పాతబడ్డాయి. మా బాబాయి ఈనాటికీ "అయిదో నెంబరు" అనే అంటాడు. బైపాసులూ, ఫ్లైఓవర్లూ, ఆరు లైన్ల రోడ్లూ ఊళ్ళను పక్కకు నెట్టేశాయి. లైను జ్ఞానంలోని మజిలీలు చాలామటుకు రోడ్డు మీదనుంచి కనపడటం మానేశాయి. ఈ మార్పు ముందు కాగితమూ నిలవలేదు, జ్ఞాపకమూ పూర్తిగా నిలవలేదు. ఉపగ్రహం నిలిచింది. ఇది ఒప్పుకోవాలి.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. చేతిలోని ఫోను కుర్ర డ్రైవరుకు కొంత స్వాతంత్ర్యం ఇచ్చింది. కొత్త నగరంలో అర్ధరాత్రి గోడౌను వెతుక్కోవడానికి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కరలేదు. దూరం తక్కువ చెప్పి కిరాయి కోసే బ్రోకరు ముందు లెక్క చూపించవచ్చు. బండి చెడిపోతే ఉన్నచోటు ఇంటికి పంపవచ్చు. గురువు దెబ్బలు తినకుండానే లైను మొదలుపెట్టవచ్చు. యంత్రాన్ని తిట్టడం మన పని కాదు. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులో మగ్గాలు పగలగొట్టిన కార్మికులు కూడా యంత్రం మీద గుడ్డి కోపంతో పగలగొట్టలేదు. ఆ యంత్రం ఎవరి చేతిలో ఉండి తమ కూలిని ఏం చేస్తోందో చూసి పగలగొట్టారు.

ఆ చూపుతోనే దీన్నీ చూడాలి. ఫోనులోని పటం ఎర్రగా, పచ్చగా రద్దీని చూపిస్తుంది. ఆ రద్దీ దానికెలా తెలిసింది? రోడ్డు మీదున్న వేలాది ఫోనులు తమ చోటునూ వేగాన్నీ పంపుతున్నాయి గనక. అందులో మా తమ్ముడి ఫోనూ ఉంది. అతని చక్రాలు దొర్లినందువల్ల పుట్టిన జ్ఞానం ఎక్కడో పోగుపడి, సరుకై, అతనికే దారిగా తిరిగివస్తోంది. కావలి లక్ష్మయ్యకు కనీసం ఉద్యోగం ఉండేది, పేరన్నా మిగిలింది. ఈ సర్వేలో డ్రైవరు కూలి లేని, పేరు లేని సర్వేయరు.

ఇక కాలం సంగతి. 2017 జులైలో వస్తుసేవల పన్ను వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి. గంటల తరబడి నిలబడే బాధ తగ్గింది, డ్రైవర్లందరూ సంతోషించారు. 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు వచ్చింది. మొదట వంద కిలోమీటర్లకు ఒక రోజు గడువిచ్చారు. 2021 జనవరి నుంచి రెండువందల కిలోమీటర్లకు ఒక రోజన్నారు. గడువు దాటితే బండి ఆపవచ్చు, జరిమానా వేయవచ్చు. బయల్దేరే చోటికీ చేరే చోటికీ ఉన్న పిన్‌కోడుల మధ్య దూరాన్ని కంప్యూటరే లెక్కకడుతుంది. గడువు పొడిగించుకునే వీలు లేకపోలేదు. కాని గోదావరికి వరదొచ్చిందనీ, డ్రైవరుకు జ్వరమొచ్చిందనీ పటానికి తనంతట తెలియదు. ఎవరో పోయి దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభైఎనిమిది గంటలు అని రాసిపెట్టింది. డ్రైవరు ఎక్కడున్నాడో క్షణక్షణమూ చెప్పగల పరికరాన్ని, అతను ఎనిమిది గంటలు దాటి తోలుతున్నాడని చెప్పడానికి ఎందరు యజమానులు వాడుతున్నారు?

అదే లారీ క్యాబినులో చల్లదనం ఎప్పుడొచ్చింది? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి చేశారు. 1988కీ 2025కీ మధ్య దూరం ముప్పయ్యేడేళ్ళు. డ్రైవరును చూసే కన్ను తయారైన ముప్పయ్యేడేళ్ళకు అతని చెమట చట్టానికి కనిపించింది. శాస్త్రం ఏ క్రమంలో ముందుకు పోతుందో నిర్ణయించేది శాస్త్రం ఒక్కటే కాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

కాబట్టి మనం వేయవలసిన ప్రశ్న వేరు. పటం కాగితం మీద ఉందా, తెర మీద ఉందా అన్నది అంత ముఖ్యం కాదు. దాన్ని పట్టుకున్నది డ్రైవరేనా? అతను తప్పని చెబితే అది దిద్దుకుంటుందా? అతను ఆగి నిద్రపోతే, ఆగి దారి అడిగితే, ఆ ఆగడం నేరంగా నమోదవుతుందా, హక్కుగా నమోదవుతుందా? లండను టాక్సీ డ్రైవరు జ్ఞాపకానికి ఉన్న పట్టా మన లారీ డ్రైవరు లైనుకు ఎందుకు లేదు? ఇవి సంఘాలు బేరమాడవలసిన విషయాలు. చట్టంలో రాయించుకోవలసిన విషయాలు.

6

చివరగా మనగురించి మనం. రైతు మీద, నేతపనివాడి మీద, గని కార్మికుడి మీద, రిక్షా కార్మికుడి మీద మన అభ్యుదయ సాహిత్యం ఎంతో కొంత రాసింది. లారీ డ్రైవరు మన కథల్లోకి ఎక్కువగా ప్రమాదం చేసినవాడిగానో, తాగినవాడిగానో, దారిపక్క ఆడవాళ్ళ కథలో నీడగానో వచ్చాడు. మనం తినే ఉల్లిపాయా, కట్టే గుడ్డా, చదివే పుస్తకం కాగితమూ అతని క్యాబిను వెనక ప్రయాణం చేసినవే. 2024 జనవరి మొదట్లో, ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అన్న కొత్త నిబంధనకు వ్యతిరేకంగా డ్రైవర్లు రెండు రోజులు చక్రం ఆపారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనానికి అప్పుడు గాని డ్రైవరనేవాడు ఒకడున్నాడని తెలియలేదు. ఆ నిబంధన తక్షణం అమలు కాకుండా ఆగింది. ఆగినప్పుడే కనిపించే మనిషి అతను. యజమాని తెరమీదా అంతే, మన సాహిత్యంలోనూ అంతే.

రచయితలం మనం కూడా తరచు పైనుంచే చూస్తాం. సిద్ధాంతం మనకొక పటం. అది అవసరమే, అది లేకపోతే ఏ దారి ఎక్కడికి పోతుందో తెలియదు. కాని వంతెన ఎత్తెంతో తెలియని పటంతో లోడు లారీని నడిపించినట్టు, జీవితం ఎత్తూ బరువూ తెలియని సూత్రంతో కథ నడిపిస్తే అది ఇరుక్కుపోతుంది. అప్పుడు దిగి అడగాలి. అడగడాన్ని ఆలస్యంగా లెక్కవేసే అలవాటు మనలోనూ ఉంది. దాన్ని వదిలించుకోవాలి.

నేను ఈ మధ్య ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. బాబాయి లైను చెబుతుంటాడు, నేను రాస్తుంటాను. బైపాసులు వచ్చిన చోట ఆయన తడబడతాడు. "అక్కడ పెద్ద మర్రిచెట్టుండాలి కదరా" అంటాడు. మా తమ్ముడు ఇంట్లో ఉన్నరోజున ఫోను తీసి, ఆ చెట్టు లేదనీ, అక్కడిప్పుడు టోల్‌గేటుందనీ, కాని టోల్‌గేటు దాటాక ఎడమవైపు టీకొట్టు ముసలమ్మ ఆ చెట్టుకిందామేననీ చెబుతాడు. ఫోనుకు ఆ ముసలమ్మ తెలియదు, బాబాయికి టోల్‌గేటు తెలియదు. ఇద్దరూ చెబితే గాని ఒక్క మైలు పూర్తికావడం లేదు. పుస్తకంలో ఇప్పటికి బాలాసోరు దాకా వచ్చాం.